కడుపుతో ఉన్నప్పుడు మిద్దె తోట: ఏ నెలలో ఏ పని

గింజ వేయాలంటే మనం కార్తె చూస్తాం. కడుపుతో ఉన్న ఏడాది కార్తెతో పాటు కాన్పు తేదీ కూడా చూడాలి. చివరి నెలసరి మొదలైన రోజుకు తొమ్మిది నెలలు, ఆపైన ఏడు రోజులు కలిపితే డాక్టరు చెప్పే తేదీకి దగ్గరగా వస్తుంది. ఏప్రిల్ 15 అయితే జనవరి 22. నాదీ ఆ వారమే. ఆ తేదీని క్యాలెండరులో గుర్తుపెట్టుకుని వెనక్కి లెక్కపెడుతూ తోట పనులు పంచుకున్నాను. పంట ఎప్పుడు చేతికొస్తుందన్నది సగం లెక్కే. ఆ నాటికి నేను వంగగలనా, మేడ మెట్లు ఎక్కగలనా, అసలు ఈ ఊళ్లో ఉంటానా అన్నది మిగతా సగం.

మాది విజయవాడ. మేడ మీద వరసగా గ్రో బ్యాగులు (మట్టి నింపి మొక్కలు పెంచే సంచులు), సగానికి కోసిన డ్రమ్ముల్లో మునగ, నిమ్మ, కరివేపాకు. పుట్టిల్లు అమలాపురం దగ్గర పల్లెటూరు. మొదటి కాన్పు కాబట్టి సీమంతం కాగానే అక్కడికి వెళ్లాలి, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాకే తిరిగి రావాలి. "ఇక మట్టి ముట్టుకోకమ్మా" అన్నది అత్తగారి మాట. "తేలిక పని మంచిదే, బరువులూ ఎండా వద్దు" అన్నది డాక్టరమ్మ మాట. ఇద్దరి మాటా చెల్లేలా తోటను మార్చుకోవచ్చు. అయితే మాయ కిందికి ఉందనో, రక్తపోటు ఎక్కువగా ఉందనో, రక్తస్రావం అయిందనో మిమ్మల్ని విశ్రాంతి తీసుకోమని ఉంటే ఇక్కడ రాసినవేవీ మీకోసం కాదు. తాళం చెవులు ఇంట్లో వాళ్లకిచ్చి కింద కూర్చోండి.

మట్టి, పిల్లి, పాచి

తోటపని చేసే గర్భిణికి ముందుగా తెలియాల్సినది పిల్లుల సంగతి. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు అది మొదటిసారి సోకితే బిడ్డ మెదడుకు, కళ్లకు హాని జరిగే ప్రమాదం ఉంది. మా ఇంట్లో పిల్లి లేదు కదా అనుకోవద్దు. వీధి పిల్లులకు మెత్తటి పొడి మట్టి కనిపిస్తే చాలు, కోకోపీట్ (కొబ్బరిపొట్టు) ఎక్కువ కలిపిన సంచి అయితే మరీ ఇష్టం. సంచి పైభాగం గుంట తవ్వి మళ్లీ కప్పినట్టుండి, ఒక పక్కకు మట్టి చిమ్మి ఉంటే అది ఎలుక పని కాదు, పిల్లి పని. అలాంటి సంచి మట్టిని మీరు ముట్టుకోవద్దు. ఇంట్లో వేరేవాళ్లు పైమట్టి తీసి పారేయాలి. పిల్లి రాకుండా నేను కత్తిరించిన నిమ్మకొమ్మల ముళ్లను గింజలు వేసిన సంచుల మీద అడ్డంగా పరుస్తాను. కోళ్ల గూడుకు వాడే ఇనుప జాలీ ముక్క కప్పినా సరిపోతుంది. ఖాళీ సంచిని మాత్రం తెరిచి ఉంచకూడదు.

చేతి తొడుగులు మందపాటి రబ్బరువి కొనండి. ఆసుపత్రిలో వాడే పల్చటివి వంగముల్లు ఒకటి గుచ్చుకుంటే చిరిగిపోతాయి. గోళ్లు పొట్టిగా ఉంచుకోండి. తొడుగు వేసుకున్నా పని అయ్యాక మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. పని మధ్యలో నోట్లో చెయ్యి పెట్టే అలవాటు మానుకోవాలి. పచ్చి బెండకాయ అక్కడికక్కడే కోసి తినేవాళ్లు మా ఇంట్లోనే ఇద్దరున్నారు. కడుపుతో ఉన్నప్పుడు ఆ ముచ్చట వాయిదా వేసుకోవాల్సిందే. ఆకుకూరలను ఉప్పునీళ్లలో, పసుపునీళ్లలో నానబెడితే సరిపోదు. కుళాయి ధార కింద కాడలు విడదీసి రుద్ది కడగాలి, బాగా ఉడికించాలి. పప్పులో, పులుసులో వేసేవాటితో భయం లేదు. పెరుగుపచ్చడి మీద చల్లే పచ్చి కొత్తిమీర దగ్గరే అందరూ ఏమరుపాటుగా ఉంటారు.

పచ్చిపేడ, దానితో చేసే జీవామృతం, పంచగవ్యం లాంటి ద్రవ ఎరువులు కలిపే పని వేరేవాళ్లకు అప్పగించండి. పచ్చిపేడలో జబ్బు చేసే క్రిములు ఉంటాయి. పూర్తిగా మాగి నల్లబడి, వాసన పోయిన ఎరువునే వాడండి. నేలకు తగిలే ఆకుకూరల మీద జీవామృతం పోయడం ఈ ఏడాదికి ఆపేశాం. వర్మీ కంపోస్టు, వేపపిండి చాలు. ఇక ధనుర్వాతం టీకా. మొదటి కాన్పుకైతే రెండు డోసులు, నాలుగు వారాల తేడాతో వేస్తారు. తుప్పు పట్టిన తీగలతో, ముళ్లతో పనిచేసేవాళ్లకు అది ఎంత అవసరమో నేను చెప్పనక్కర్లేదు.

ఇన్ని చెప్పినా, నన్నడిగితే మేడ మీద గర్భిణికి అసలు శత్రువు పాచి. గ్రో బ్యాగు అడుగు చిల్లుల నుంచి ఎర్రటి నీళ్లు కారి, సంచి చుట్టూ సన్నటి పచ్చటి పొరలా పేరుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు అది గచ్చు రంగులో కలిసిపోయి కనిపించదు. శ్రావణంలో నాలుగు చినుకులు పడగానే సబ్బు పూసినట్టు జారుతుంది. సంచులను రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టించి, నడిచే దారి వరకు వారానికోసారి గట్టి చీపురుతో రుద్దించండి. బ్లీచింగ్ పౌడరు వేస్తే ఆ ఘాటు పోయేదాకా మీరు పైకి వెళ్లకండి. వాన పడుతున్నప్పుడూ, వెలిసిన వెంటనే కూడా వద్దు. మొక్కలకు అప్పుడు మీతో పనేమీ ఉండదు.

వేవిళ్ల నెలలు

మొదటి మూడు నెలలు నాకు మే ఎండల్లో పడ్డాయి. కొత్తగా ఏమీ వేయలేదు. ఎండ తగ్గించే షేడ్‌నెట్ వల కింద కరివేపాకు, బచ్చలి, దొండ, పొన్నగంటి బతికుంటే చాలనుకున్నాను. ఎండాకాలంలో నీళ్లు పోయడం ఉదయం ఏడు లోపు అయిపోవాలి. గొంతు ఎండినా, మూత్రం ముదురు పసుపు రంగులో వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే నీడకు వెళ్లి మజ్జిగో, ఉప్పూ పంచదారా వేసిన నిమ్మరసమో తాగాలి. ఖాళీ కడుపుతో మేడ ఎక్కకూడదు. రెండు మరమరాలో, ఒక బిస్కెట్టో నోట్లో వేసుకుంటే వికారం కూడా కొంత తగ్గుతుంది.

వాసనల సంగతి ముందుగా ఎవరూ చెప్పరు. కొత్తిమీర మడి పక్కన నిలబడలేని రోజులు వస్తాయని నేను ఊహించలేదు. చేపలు, బెల్లం పులియబెట్టిన ద్రావణం సీసా మూత తీసే పని ఈ మూడు నెలల్లో తలపెట్టకండి.

మృగశిర కార్తె వచ్చి తొలకరి పడేసరికి నా వేవిళ్లు తగ్గలేదు. అందుకని నారు పోసి, తీసి, నాటే పంటల జోలికి పోలేదు. బెండ, గోరుచిక్కుడు, ఆనప వేశాను. గింజ పెద్దది, వేలితో గుచ్చి మట్టి కప్పితే చాలు, కూర్చున్నచోటు నుంచే అయిపోతుంది. తోటకూర, గోంగూర గింజలను ఇసుకలో కలిపి చల్లాను. తోటకూర నెల తిరిగేసరికి కోతకొస్తుంది. బెండ నెలన్నరకు కాపు పడుతుంది. అప్పటికి తిండి సయిస్తుంది కాబట్టి ఆ లెక్కా కుదిరింది.

ఆకుకూరల మీద ఒక మాట. మన దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే రక్తహీనత కింద లెక్క. మేడ నిండా తోటకూర ఉంది కదా అని ఇనుము మాత్ర మానేసేవాళ్లను నేను చూశాను. ఆకుల్లోని ఇనుము ఒంటికి పట్టేది కొంచెమే, పాలకూరలో మరీ తక్కువ. నాలుగో నెల నుంచి ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, దానితో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. కూరలు దానికి తోడు మాత్రమే. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. మాత్ర వేసుకున్న గంటలోపు టీ, కాఫీ వద్దు. కాల్షియం మాత్రనూ దీనినీ ఒకేసారి వేసుకోవద్దు.

బొప్పాయి గురించి అందరూ అడుగుతారు కాబట్టి అదీ చెబుతాను. పాలు కారే పచ్చి కాయ, దోర కాయ తినకూడదు. బాగా పండినదానితో ముప్పు లేదని డాక్టర్లు అంటారు. మా అత్తగారు పండును కూడా ఒప్పుకోలేదు, నేనూ పట్టుబట్టలేదు. ఆ చెట్టు కాయలు ఈ ఏడాది పక్కింటివాళ్లకు వెళ్లాయి.

నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా

పని చేయదగ్గ కాలం ఇదే. వికారం తగ్గుతుంది, పొట్ట ఇంకా అడ్డు రాదు. ఏడాది మొత్తానికి కావలసిన శ్రమంతా ఈ మూడు నెలల్లో పెట్టేయండి. పందిరి కిందికి దించడం, సంచులు తిరిగి నింపించడం, ఇటుకలు పెట్టించడం, గొట్టాలు వేయించడం ఇప్పుడే అయిపోవాలి. చిక్కుడు శ్రావణంలోపు పెట్టాలి, చలికాలంలో పూతకొస్తుంది. టమాటా నారు ఆగస్టులో పోసి సెప్టెంబరులో నాటితే కార్తీకానికి కాయలుంటాయి. వంగ నాటితే నెలల తరబడి కాస్తూనే ఉంటుంది, కాపు తగ్గాక కొమ్మలు కత్తిరిస్తే మళ్లీ చిగురిస్తుంది. నేను ఊరికి వెళ్లాక కూడా ఇంటివాళ్లకు కూరకు లోటుండదని దానికే ఎక్కువ సంచులు ఇచ్చాను.

పందిరి తలకన్నా ఎత్తులో ఉంటే కాయ కోయడానికి స్టూలు ఎక్కాలి. కడుపుతో ఉన్నవాళ్లు స్టూలు, నిచ్చెన, పిట్టగోడ మూడింటినీ మరిచిపోవాలి. పొట్ట పెరిగేకొద్దీ ఒంటి బరువు ముందుకు జరుగుతుంది, నిలకడ తగ్గుతుంది. మేం పాత పందిరి తీసేసి, రెండు వెదురు తడికలను పైన కలిపి గుడారంలా నిలబెట్టాం. దొండ, చిక్కుడు దాని మీదికి పాకాయి. ఇప్పుడు కాయలన్నీ నడుము నుంచి భుజం లోపే ఉంటాయి.

12 అంగుళాల సంచి తడిస్తే 20 కిలోల దాకా తూగుతుంది. దాన్ని జరపాలనిపించినా జరపకండి, కాలితో నెట్టడం కూడా వద్దు. బిందెలతో నీళ్లు మోసే పని ఎత్తేసి కుళాయికి పొడుగాటి గొట్టం తగిలించండి. కింద కూర్చుని చేసే పనులకు పీట కన్నా మోకాలెత్తు ప్లాస్టిక్ కుర్చీ మేలు, లేవడం తేలిక. గొంతుకూర్చుని కలుపు తీస్తే లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయి. ఏదైనా పట్టుకుని మెల్లగా లేవాలి. చాలాసేపు నిలబడితే పాదాలు వాస్తాయి కాబట్టి అరగంటకోసారి కాసేపు కూర్చోండి.

పైకి వెళ్లేటప్పుడు ఫోను దగ్గరుండాలి, ఇంట్లో ఎవరికైనా చెప్పి వెళ్లాలి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినట్టనిపించినా, పొట్ట గట్టిపడుతూ వదులుతూ నొప్పి వస్తున్నా, తలనొప్పితో చూపు మసకబారినా, ముఖం, చేతులు ఉబ్బినా, బిడ్డ కదలికలు తగ్గినట్టు తోచినా చేతిలో ఉన్న పని అక్కడే వదిలి ఆసుపత్రికి వెళ్లాలి. 108 నంబరు ఉన్నది అందుకే. ఈ కాస్త పని పూర్తి చేసి వెళదామని అనుకోకూడదు.

పురుగులూ దోమలూ

రసాయన మందులు ఈ ఏడాది తోటలోకి రాకూడదు. ఇందులో బేరం లేదు. వేపనూనె సహజమైనదే కదా అంటారు. ఆ మాట పట్టుకుని గర్భిణి చేతికి స్ప్రేయరు ఇవ్వకండి. కొట్టాల్సి వస్తే మరొకరు సాయంత్రం పూట కొట్టాలి, మీరు కింద ఉండాలి, కొట్టినవాళ్లు స్నానం చేసి బట్టలు విడిగా వేయాలి.

నిజానికి చాలావాటికి మందే అక్కర్లేదు. చిక్కుడు చిగుళ్ల మీద నల్లగా పేనుబంక గుంపులు కట్టినప్పుడు దగ్గరగా చూడండి. చీమలు కాండం వెంట బారులు తీరి ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. పేనుబంక విసర్జించే తియ్యటి జిగురు కోసం అవి దాన్ని కాపలా కాస్తాయి. ముందు చీమల బారును తెంపాలి, కాండం మొదట్లో వేపపిండి కాస్త చల్లితే తగ్గుతాయి. తరువాత గొట్టం చివర బొటనవేలితో సగం మూసి, ఆ ధారను చిగురు అడుగు వైపు కొట్టండి. పేనుబంక కొట్టుకుపోతుంది, తిరిగి ఎక్కలేదు. రెండు మూడు రోజులకోసారి చేస్తే చాలు. పిండినల్లి అంత తేలిగ్గా పోదు, సబ్బునీళ్లలో ముంచిన పాత పళ్లు తోమే బ్రష్షుతో గీకాలి. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు కట్టండి. ఎంతకీ లొంగకపోతే ఆ మొక్కను పీకించి పారేయండి. టమాటాలు బజారులో దొరుకుతాయి.

దోమల విషయంలో ఇంత తేలిగ్గా ఉండలేం. డెంగీ తెచ్చే దోమ పగలు కుడుతుంది, తెల్లవారాక కాసేపు, పొద్దుగుంకే ముందు ఎక్కువగా. మనం మేడ మీద నీళ్లు పోసే వేళలూ సరిగ్గా అవే. పొడుగు చేతుల చొక్కా, కాళ్లకు మేజోళ్లు వేసుకోవాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు కాబట్టి, శుక్రవారం డ్రై డే, అంటే నిలవ నీళ్లు పారబోసే రోజు అని పంచాయతీవాళ్లు చెప్పే మాటలో అర్థముంది. కుండీల కింది పళ్లేలను ఏకంగా తీసేయండి. వర్షపు నీటి డ్రమ్ముకు పాత నూలు చీర కప్పి తాడుతో బిగించండి. తామర తొట్టి ఉంటే గప్పీ చేపలు వేయండి. వాడని ప్లాస్టిక్ కుండీలు బోర్లించండి, వాటి అంచు మడతల్లో నిలిచే చెంచాడు నీళ్లు కూడా దోమకు సరిపోతాయి.

తోట అప్పగింత

సీమంతం ఏడో నెలలో చేసి తీసుకుపోతారు, కుదరకపోతే తొమ్మిదిలో. ఎనిమిదో నెలలో ప్రయాణం పెట్టరు. నాకు ఏడో నెలలోనే ముహూర్తం కుదిరింది, వచ్చే వారం వేడుక. కనుక ఇప్పుడు జరుగుతున్నది అప్పగింతల పనే.

తోటను మా ఆయనకు అప్పగిస్తున్నాను. ఆయన శ్రద్ధగల మనిషే. గోంగూర కోసుకురమ్మంటే మొక్కలు వేళ్లతో సహా పీకి, మట్టి దులిపి, చక్కగా కట్ట కట్టి తెచ్చారు. బజారులో అలాగే ఉంటుంది కదా అన్నారు. అందుకని అప్పగించే తోటలో తెలివితో చేయాల్సిన పని ఏదీ మిగలకూడదు. నేను చేసినది ఇది. రోజూ చూసుకోవాల్సిన టమాటా, మెంతి లాంటివి అయిపోనిచ్చి కొత్తవి వేయలేదు. ఖాళీ అయిన సంచులను ఎండుటాకులు కప్పి ఒక మూలకు చేర్పించాను. మిగిలినవి దొండ, చిక్కుడు, వంగ, బచ్చలి, పొన్నగంటి, మునగ, కరివేపాకు, నిమ్మ. వీటికి నీళ్లు, అప్పుడప్పుడూ గుప్పెడు వర్మీ కంపోస్టు తప్ప ఏమీ అక్కర్లేదు. ట్యాంకు నుంచి డ్రిప్ గొట్టాలు వేయించి, బ్యాటరీతో నడిచే టైమరు పెట్టించాం. సంచుల్లో మట్టి మీద రెండు వేళ్ల మందాన కొబ్బరిపీచు కప్పితే నీళ్లు త్వరగా ఆరవు.

మేడ తలుపు లోపలి వైపు ఒక కాగితం అతికించాను. బచ్చలి కత్తెరతో కోయాలి, కాడ రెండు కణుపులు ఉంచాలి. దొండకాయ ముదిరి ఎర్రబడేలోపు కోయాలి. మునగకొమ్మ విరగదీయకూడదు, కొక్కెంతో లాగాలి. శుక్రవారం నీళ్ల డ్రమ్ము చూడాలి. టైమరు బ్యాటరీ నెలకోసారి మార్చాలి. నాకు ఫోను చేసే ముందు వేలు మట్టిలో పెట్టి తడి ఉందో లేదో చూడాలి. ఆఖరుది మా ఆయన పట్టుబట్టి రాయించారు, మాటిమాటికీ నేనే ఫోను చేసి అడుగుతానని ఆయనకు తెలుసు.

పుట్టింటి పెరడు

బాలింతకు మనవాళ్లు పెట్టే కూరలు బీర, పొట్ల, ఆనప, మునగాకు. పాలు పడతాయని మా గోదావరి వైపు తెలగపిండి, మునగాకు కలిపి వండుతారు. ఈ పంటలు కాన్పు నాటికి ఇక్కడి మేడ మీద కాస్తే నాకేం లాభం? అక్కడి పెరట్లో కాయాలి. జనవరి ఆఖరుకు పొట్లకాయ కావాలంటే రెండున్నర నెలల ముందు, అంటే నవంబరు మధ్యలో గింజ పెట్టాలి. బీర నెలన్నరకే కాస్తుంది కాబట్టి డిసెంబరు మొదటి వారం చాలు. గింజలు కాగితపు పొట్లాల్లో కట్టి, ఒక్కొక్కదాని మీద తేదీ రాసి అమ్మకు పంపాను. పొట్టి పొట్ల రకమే ఎంచాను, దానికి ఎత్తైన పందిరి అక్కర్లేదు. మునగచెట్టు ఎలాగూ ఉంది. ఆకు, కాయ వరకే వాడండి. వేరు, బెరడు మందంటూ ఎవరైనా నూరి ఇస్తే తీసుకోకండి.

పల్లె పెరడుకూ మేడకూ జాగ్రత్తల్లో తేడా ఉంది. అక్కడ పాచితో పాటు పాములు కూడా ఉంటాయి. ఆనపపాదు నేల మీద గుబురుగా పాకిన చోట, కొబ్బరిమట్టలు పోగేసిన చోట చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపాలి. పొద్దుగుంకాక పాదుల దగ్గరికి వెళ్లకూడదు. చెప్పులు లేకుండా పెరట్లో నడిచే అలవాటు మా అమ్మకు ఇప్పటికీ పోలేదు. ఆవిడకు కూడా ఒక జత రబ్బరు బూట్లు కొని సర్దాను, పసుపు కుంకుమల సంచి కిందే.